గచ్చు మీద వసంతాలు

మంగాయమ్మగారికి పదివేల కోళ్ళండి. మొగుడు పోయాక ఒంటిచేత్తో నిలబెట్టుకుంది ఆ షెడ్లన్నీ. ఆ ఏడు ఏమైందంటే, చుట్టుపక్కల ఊళ్ళలో తెగులొచ్చి షెడ్లకి షెడ్లు ఖాళీ అయిపోతున్నాయంట. ఈవిడ ఏం చేసిందీ, గేటు ముందు గచ్చు చేయించింది, దాని పక్కన ఇంత లోతు గుంత తవ్వించి సున్నం పోయించింది. ఏ లారీ వచ్చినా ఆ గచ్చు మీద ఆగాలి, పైపుతో కడిగించుకోవాలి, ఆ మురికంతా గుంతలోకే పోవాలి. పక్కనే కాలవుందనుకోండి, అందులో చుక్క పడకూడదు. కోళ్ళు తాగేది ఆ నీళ్ళే మరి. కలెక్టరొచ్చినా కడిగేస్తానందంటండి!

అలాంటి చోటికి ఆషాఢం సారె వచ్చింది. కొత్త కోడలి తల్లి సీతారత్నంగారు పట్టుచీర కట్టుకుని, మూతికి గుడ్డ వాసెన కట్టిన బిందెల్లో బూరెలూ కాజాలూ పెట్టుకుని, డ్రైవరు పక్కన దర్జాగా కూచుని వచ్చింది. ఎందులో? ముందురోజు కోళ్ళు తోలిన లారీలో! ఏరా కడిగేవా అంది మంగాయమ్మగారు. కడిగేనండి, అద్దంలా కడిగేనండి అన్నాడంట డ్రైవరు. ఈవిడ వంగి చూసింది. వెనక టైరుకి తెల్లటి ఈక! కడిగితే వియ్యపురాల్ని గుమ్మంలో అవమానించినట్టు, కడక్కపోతే పదివేల ప్రాణాలు పోయినట్టు. కళ్ళు మూసుకుని పైపు తిప్పేసింది. లారీ కిటికీ తెరిచుందన్న సంగతి చూసుకోలేదు.

ఇంకేముంది, సీతారత్నంగారు నిలువునా తడిసి దిగింది. అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మొహం తుడుచుకుని, "పెళ్ళిలో రంగునీళ్ళతో వసంతాలాడదాం వదినగారూ అంటే, కోళ్ళకి టీకాలున్నాయని పారిపోయేరు. ఇప్పుడు గుర్తొచ్చాయా?" అని, కుచ్చిళ్ళు ఎగ్గట్టి, టైర్ల మీద పొయ్యటానికి కలిపిన గులాబీరంగు మందునీళ్ళ బకెట్టెత్తి మంగాయమ్మగారి నెత్తిన కుమ్మరించింది! ఈవిడ పైపు తిప్పింది, ఆవిడ చెంబందుకుంది, డ్రైవరు మధ్యలో గిరగిరా. నవ్వలేక చచ్చారంటండి ఇద్దరూ. ఇంతలో సీతారత్నంగారు తప్పించుకుందామని, ఒళ్ళంతా నీళ్ళోడుతూ, కాలవగట్టు వైపు లగెత్తింది. ఇంక మంగాయమ్మగారి నోట గారూ లేదు గీరూ లేదు. "ఒసే వదినా, అటెళ్ళకే తల్లీ, నీకు దణ్ణం పెడతాను! కొట్టు, ఎంతైనా కొట్టు, గచ్చు మీద నిలబడి కొట్టు!" అని అరిచింది. ఆవిడ టక్కున ఆగింది. కోడిపిల్లల అరుపులు వినపడుతున్నాయనుకోండి లోపల్నించి. వెనక్కొచ్చి, గుంత మీద కొంగంతా పిండి, "ఊఁ, ఇప్పుడు కాసుకో" అని మళ్ళీ మొదలెట్టింది.

ఆ ఏడు మంగాయమ్మగారి షెడ్లో తెగులుతో ఒక్క కోడి పోలేదండి. సీతారత్నంగారు ఇప్పటికీ, గేటు దాకా బస్సున్నా సరే, లారీలోనే వస్తారు, కిటికీ బార్లా తెరుచుకుని. కడిగేనని అబద్ధమాడిన డ్రైవరు ఏమయ్యాడంటారా? ఇందాకట్నుంచీ అంట, అంట అంటున్నాను గానీ, అంటా లేదు గింటా లేదు, ఆ డ్రైవర్ని నేనేనండి. ఆవేళ లారీకంటే నన్నే ఎక్కువ కడిగేరు.