తల్లి సమ్మతి పత్రం

పెళ్లయి నలభై రోజులు. ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి, గోరింట ఇంకా వదలని గోళ్లతో లీలారాణి బొబ్బిలి ఇంటి వరండాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మస్కట్ ఆసుపత్రిలో వచ్చిన నర్సు ఉద్యోగానికి కుటుంబ వివరాలు నింపుతోంది. పక్కన భర్త బెన్హర్. లోపల అతని మొదటి భార్య కూతురు, ఏడేళ్ల రూబీ.

"...బడి ఫీజు కూడా ఆళ్లే కడతారంట బావా! ఏడాదికోసారి రానూపోనూ టికెట్టు, వైద్యం, అన్నీ. సొంత పిల్లకి ఎంతో, భర్త మొదటి పెళ్లి పిల్లకీ అంతేనని రాసున్నాది. సూడు, సూడు."

"సూసేను."

"ఎక్కడ సూసేవు? రోడ్డుకేసి సూస్తన్నావు. ఇమానంలో రూబీకి కిటికీ సీటు. మధ్యలో నేను. నువ్వా చివర. అక్కడి మేట్రన్ గారికి మన బొబ్బిలి బుల్లి వీణ కొనీసేను, డబ్బాతో సహా. రూబీ నీళ్ల సీసాకి పేరు కూడా అంటించీసేను."

"అంత సంబరమేటే నీకు?"

"సంబరమే మరి! పోయిన ఆదివారం మన గుడిలో నేను కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటే, నెల్రోజులు ఆంటీ అన్న పిల్ల, అందరి ముందూ 'అమ్మా' అన్నాది. సంచి జారిపోయింది నా సేతిలోంచి. చిల్లరంతా బెంచీల కిందే. ఏరుకుంటూ నవ్వీసేను, పాస్టరుగారు ప్రార్థన ఆపీసేరు."

"ఎన్నిసార్లు సెప్తావు? ఇంతకీ అయిపోయిందా, లేదా?"

"చివర బటన్ రూబీ సేతే నొక్కిస్తానని మాటిచ్చేను. కానీ ఒక్క కాయితం తక్కువొచ్చింది బావా. మధ్యాహ్నం మెయిల్ పెట్టేరు. సాయంత్రం ఐదులోపు ఇవ్వకపోతే రూబీ పేరు తీసీస్తారంట."

"ఏటి కాయితం?"

"కన్నతల్లి సమ్మతి పత్రం. ఆవిడ ఆధార్ కాపీతో."

"దానికి... ఆవిడెక్కడున్నాదో ఎవులికి తెలుసు? పిల్లకి ఏడాది నిండకుండా వొదిలీసి పోయింది. పెళ్లిసూపుల్లోనే సెప్పేను కదా."

"సెప్పేవు. విడాకుల కాయితం మీద ఈశ్వరి అని పేరు సూడడమే, ముఖం తెలీదు నాకు. ఫొటోలు కూడా కాల్సీసేనన్నావు. అదే రాసేను ఆళ్లకి, తల్లి ఆచూకీ లేదని. అలాగైతే కోర్టు ఉత్తర్వు కావాలంట. ఆదివారం పూట కోర్టెక్కడుంటాది?"

"పోనీ, మనం ముందు ఎల్దాం. రూబీని తర్వాత..."

"రూబీ లేకపోతే నేనెల్లను."

"లీలా!"

"ఎల్లనంతే. ఉద్యోగం వొద్దని ఇప్పుడే రాసీస్తాను. ఇదిగో, రాస్తన్నాను."

"ఆగు. ఆగవే. ఆ పత్రం ఉన్నాది."

"ఏటీ?"

"నా ఫోన్లో ఉన్నాది. ఆధార్ కూడా. ల్యాప్‌టాప్ ఇలాగియ్యి, నేనే ఎక్కించీస్తాను."

"ఎక్కడున్నాదో తెలీని మనిషి సంతకం నీ ఫోన్లోకెలా వచ్చింది?"

"ఆళ్ల అన్నయ్య పంపించేడు."

"ఎప్పుడు?"

"మొన్న."

"మొన్నంటే?"

"మొన్నంటే మొన్నే! టైమైపోతన్నాది, ఇలాగియ్యి."

"ఉద్యోగం నాది, పాస్‌వర్డు నాది. నేనే ఎక్కిస్తాను. పంపు... ఆఁ, వచ్చింది. అబ్బ, అక్షరాలెంత గుండ్రంగా ఉన్నాయో! పాపం బావా, కన్నపిల్లని వొదిలీసిన మనిషని ఎన్ని తిట్టుకున్నానో. అడగ్గానే పెట్టిచ్చింది కదా సంతకం. ఇప్పుడు ఆధార్..."

"అది తెరవక్కర్లేదు. అలాగే ఎక్కించీ."

"మసగ్గా ఉంటే తిప్పి కొడతారు. సూడాలి కదా."

"లీలా, ఒక్క మాట విను..."

"బావా."

"ఊఁ."

"ఈ ఫొటోలో ఉన్నది సిన్నతల్లి వదిన కదా?"

"ల్యాప్‌టాప్ ఇలాగియ్యి ముందు."

"నిన్నే. భావనపాడు సిన్నతల్లి వదిన. మీ పెదనాన్న కూతురన్నావు. పెళ్లికి ముందురోజు నా సేతులకి గోరింట పెట్టింది. ఇదిగో, గోళ్లకి ఇంకా పోలేదు."

"కాయితాల మీద ఈశ్వరి. ఇంట్లో అందరం సిన్నతల్లనే..."

"అందరం! అయితే మీ అమ్మకీ తెలుసు."

"'అత్త' అని సెప్పీమన్నది అమ్మే."

"వారం వారం ఎండుసేపలు పట్టుకొచ్చేది. నేనే కూకోబెట్టి అన్నం పెట్టేదాన్ని. రూబీకి రెండు జడలేస్తుంటే, మేనత్తంటే ఇలాగుండాలని నీతోనే అన్నాను. నువ్వు ఊఁ కొట్టేవు. 'మస్కట్ ఎల్తే పిల్ల మీద బెంగెట్టుకుంటావేమో వదినా' అన్నాను. 'నీ సేతిలో పెట్టేక బెంగేటి' అన్నాది. ఆ మాటకి మురిసిపోయేను బావా! ఊరంతా సెప్పుకున్నాను!"

"విడాకులు నిజమే, దేవుడి తోడు. ఆవిడకీ నాకూ ఏటీ లేదు. పిల్లని సూడకుండా ఉండలేదు, అంతే. మొదటి పెళ్లాం ఇంటికొచ్చి పోతాదంటే ఎవులు పిల్లనిస్తారు? రెండు సంబంధాలు అలాగే ఎనక్కెల్లిపోయేయి."

"నాకు సెప్పొచ్చు కదా."

"సెప్తే ఒప్పుకుందువా?"

"ఒప్పుకుందును. పెళ్లిసూపుల్లో మీ అమ్మ ఎనక దాక్కుని తొంగి సూసింది సూడు రూబీ, అప్పుడే ఒప్పుకుందును. అదే నా ఏడుపు."

"నాలుగున్నరయింది లీలా. నన్ను తిట్టు, కొట్టు. పిల్ల మీద మాత్రం కోపం సూపించకు."

"దాని మీద నాకేటి కోపం? దానికీ తెలుసా, అది సెప్పు."

"దానికేటీ తెలీదు. అత్తే అనుకుంటాది."

"నిజం?"

"నిజం."

"అయితే ఈ ఇంట్లో నాతో నిజంగా ఉన్నది అదొక్కటే. ఆ గుడిలో పిలిసిన పిలుపొక్కటే నాది. దాని కోసమే ఎక్కిస్తన్నాను, నీ కోసం కాదు. మీ అమ్మ కోసం అంతకన్నా కాదు. పిలు దాన్ని."

"రూబీ! ఇలాగ రా."

"వచ్చీసేను! అయిపోయిందా? నాను నొక్కాలా?"

"ఇలా నా ఒళ్లో కూకో తల్లీ. ఇదిగో, ఈ పచ్చ బటన్. ఆగాగు, ఏలు అప్పుడే పెట్టకు."

"ఈ ఫొటో ఏటి? అమ్మ!"

"రూబీ! 'అత్త' అనమని సెప్పేనా లేదా నీకు?"

"ఉండు బావా, దాన్ని అరవకు. ఈవిడ సిన్నత్త కదా రూబీ?"

"ఇక్కడికొస్తే అత్త. భావనపాడులో అమ్మ. నీకు సెప్పకూడదన్నారు."

"ఎవులన్నారు?"

"అందరూ. అమ్మ ఇంకోటి కూడా సెప్పింది. నిన్ను గుడిలో అందరూ ఇనేటట్టు 'అమ్మా' అని పిలిస్తే, నువ్వు నన్ను ఇమానం ఎక్కిస్తావని. పిలిసేను కదా. ఇప్పుడు నొక్కీయనా, అమ్మా?"