కుప్పానికి పంపవలసిన ఫొటో

ఇదేనా శ్రీరాములూ, నువ్వు తీసిన అణకువ? మొన్న ఈ స్టూడియోలోనే కూర్చుని నేనేమి చెప్పాను? మగపెళ్లివారికి పంపే ఫొటో, పిల్ల ముఖంలో వినయం కనిపించాలి అన్నానా, లేదా?

నవ్వకు! పుంగనూరులో మరొక ఫొటోగ్రాఫరు లేకనా నీ దగ్గరకు వచ్చాను?

చేతికి పుస్తకమిచ్చావు, అది విద్య. పక్కన ప్లాస్టిక్ గులాబీలు పెట్టావు, అది సౌకుమార్యమట! "గడ్డం దించమ్మా, ఇంకొంచెం దించు" అని బతిమాలుతూనే ఉన్నావు. మా మనుమరాలు పద్మావతి దించిందా? సూటిగా నీ కెమెరాలోకే చూసింది. సరిగ్గా అప్పుడే నొక్కాలా నువ్వు?

ఏమిటీ? తల దించినది కూడా ఉన్నదా? ఏదీ, ఇటివ్వు.

ఊఁ... దించింది, నిజమే. కానీ ఆ వేళ్లు చూడు. అట్ట వంగిపోయేటట్లు పట్టుకున్నది పుస్తకాన్ని! దీన్ని వినయమని ఎవరంటారయ్యా?

నా అవస్థ నీకేమి తెలుసు? కుప్పంలో చెంగల్రాయుడుగారి ఇంట్లో, పదిమంది ఎదుట, "మా పిల్లకు పూర్తిగా సమ్మతమే" అని మాట ఇచ్చి వచ్చాను. బెంగుళూరులో ఉన్న వారి మనుమడు ఫొటో చూసి సరేనంటే ఇక ముహూర్తమే. ఫొటో కోసం రేపు వారి మనిషి వస్తాడు.

పిల్లనడిగారా అంటావా? ఎంత ధైర్యం నీకు!

అడగలేదు. అదే చెప్పింది. మదనపల్లె హాస్టలు నుంచి వచ్చీ రాగానే, "అవ్వా, డిగ్రీ అయ్యేదాకా నాకు పెండ్లి వద్దు. యాల తొందర నీకు?" అన్నది. "పెద్దల ముందు 'యాల' ఏమిటి? 'ఎందుకు' అనాలి" అని దిద్దాను.

మళ్లీ తీస్తావా? నవ్వించి తీస్తావా? వద్దు. ఇప్పటికి అబద్ధం నా ఒక్కదానిదే. అందులోకి నిన్ను కూడా లాగలేను.

ఆ మొదటిదే ఇవ్వు, సూటిగా చూసినది. పెద్ద సైజులో కడుగు. కళ్ల దగ్గర పెన్సిలు పెట్టి దిద్దావో, ఊరుకోను!

అలా చూస్తావేమి? పదిమందిలో ఇచ్చిన మాటను నా నోటితో నేను వెనక్కు తీసుకోలేను. ఈ వయసులో నాకు చేతకాదు. ఆ అబ్బాయి తెలివైనవాడైతే, పిల్లకు ఇష్టం లేదని ఈ కళ్లే చెబుతాయి. వాళ్లే వద్దంటారు.

అతనికి అర్థం కాకపోతేనా?

ఏమో నాయనా! పిల్ల నా ఎదుట నిలబడి నోరు తెరిచి చెప్పినప్పుడు, నేను మాత్రం విన్నానా? కడిగి, కవరులో పెట్టి అంటించు.