గొంగళ్ల తెర

నీ తమ్ముడు బస్వరాజ్ నన్ను ఒక్క మాటన్న అనలే. నాకు అదే కోపం. తిడితే ఏడ్చి ఊకుందును కద?

ఇదంత నోటితోటి చెప్పుకుంటె గోడ అవతల గిరిజమ్మ వింటది. అందుకని రాస్తున్న. ఇన్నేండ్లల్ల నేను ఒక్క ముక్క రాసింది లేదు, నీకెరుకనే. చిన్నప్పుడు బడిల నేర్చిన అక్షరాలు, అవి గూడ సగం మర్చిపోయిన. తప్పులుంటె నవ్వకు. బతికున్నప్పుడు నవ్వింది చాలు.

బస్వరాజ్‌కు సినిమా పిచ్చి కద. ఫోటోలు తీసుకుంట ఊకుండక ఎవరిదో సినిమా కెమెరా అడుక్కచ్చిండు. దేశాల నడుమ లడాయి వల్ల రీలు దొరుకుడు కష్టమాయె, ఎట్లనో ఒక్కటి సంపాయించిండు. బీదర్ దిక్కు నుంచి వచ్చే టూరింగ్ టాకీసు సేటు, మంచి ట్రిక్కు చేసి చూపెడితే పనిల పెట్టుకుంట అన్నడట. ఇగ ఆగుతడా?

ఏం ట్రిక్కు అంటవా? మనిషి ఆకాశంల ఎగురుడు. వెనక అంత నల్లగ ఉంచి మనిషిని తీస్తే, నలుపు రీలు మీద పడదంట. రీలు వెనకకు తిప్పి, దాని మీదనే మబ్బులు తీస్తే, మనిషి మబ్బుల్ల ఉన్నట్టు కనపడతదంట. నాకు మొదలు సమజ్ కాలే. నల్ల బట్ట తెచ్చిండు, ఎండకు మెరిసింది. మెరిస్తే పనికి రాదంట. గొంగళ్లే కావాలె అన్నడు.

ఇల్లిల్లు తిరిగి నేనే అడిగిన. అవును, నేనే. కొత్త మనిషి ఎదురైతే గోడకు ఒదిగే దాన్ని. ఈ ఎండల మీ ఇంట్ల ఎవలకు చలి పెడుతుందని గిరిజమ్మ బజారంత వినపడేటట్టు అడిగింది. తల దించుకున్న, గొంగడి మాత్రం తీసుకున్న.

జాతర్ల పడుకున్నప్పుడు మారిపోవద్దని గొంగడి మూలకు ఎవల గుర్తు వాళ్లు దారంతోటి కుట్టుకుంటరు కద. ఎవలది ఎర్రది, ఎవలది తెల్లది. అవి రీలు మీద పడతయని అన్నిటికి మసి రుద్దిన. ఉతికితే పోతది. అంచులు కలిపి కుట్టి, పైన కింద వెదురు బొంగులు కట్టిన. చాప తీర్గ చుట్టి బండి మీద ఏడికన్న పట్టుకపోవచ్చు.

ఒక్క గొంగడి వెడల్పు తక్కువ పడ్డది. బస్వరాజ్ ఏం అడగలే. దండెం మీద నీ గొంగడి దిక్కు చూసిండు, అంతే.

నువ్వు పోయినంక నీ బట్టలన్ని పంచిపెట్టిన్రు. అదొక్కటి నేను ఇయ్యలే. పాత గొంగడి జాతర్ల మారిపోయినందుకు, కొత్తదానికి నువ్వే కూసోని తెల్ల నూలుతోటి మూడు గీతలు కుట్టినవు, వంకర టింకర. తెరకైతే ఇచ్చిన గని ఆ గీతల మీద మసి పెట్ట నా చెయ్యి రాలే. "మడిచి కుట్టేస్త, కనపడదు" అన్న. "నీ ఇష్టం వదినె" అన్నడు.

చిరాగ్‌పల్లి దిక్కు ఖాళీ చెల్క పొలంల తెర నిలబెట్టిన్రు. బెల్లం అమ్మే శరణప్పకు రాజు వేషం. మంచానికి గూడ గొంగడి కప్పి, మీద కూసుండబెట్టిన్రు. కెమెరా తిరుగుతుంటె, ఎగురుతున్ననా లేదా అని ఆయన అడుగుడే అడుగుడు. గాలి లేచింది. నేను తెర వెనక బొంగు పట్టుకోని ఉన్న. ముందల నా కుట్టు తెగి మడత విచ్చుకుంటె నాకెట్ల కనపడతది? బస్వరాజ్ శరణప్పను చూసుకుంట తిప్పుతున్నడాయె.

మబ్బులు గూడ తీసి, పట్నంల రీలు కడిగించుకొచ్చినంక, మన వాకిట్ల దోతి అడ్డం కట్టి దాని మీద సేటుకు బొమ్మ చూపెట్టిండు. శరణప్ప నిజంగ ఎగిరిండు. మంచం లేదు, గొంగళ్లు లేవు, అంత మబ్బులే. ఆయన చెవి పక్కపొంటి మూడు తెల్ల గీతలు, వంకరగ, ఊగుకుంట.

"రాజు వెంట ఎగిరేది ఎవరు?" అన్నడు సేటు. వాకిలంత నవ్వింది. ఇంకో రీలు తీసి చూపెట్టు, అప్పుడు చూద్దాం అని లేచి పోయిండు. రీలు ఏడుంది?

నీకు చెప్తే ఏంది. అంతమందిల అది ఎవరో నాకొక్కదానికే తెలుసు. జరసేపు మంచిగనే అనిపించింది. ఇంకా ఉంటె బాగుండు అనుకున్న. బస్వరాజ్ మొఖం చూసినంక సిగ్గయింది.

తెల్లారి ఆయన లేవకముందే తెర పరిచి కూసున్న. మసి రుద్దలే. మసి అయితే ఉతికితే పోతది. సూదితోటి ఆ మూడు గీతల పోగులు ఒక్కొక్కటి గుంజేసిన.

రీలు దొరుకుతదో లేదో, తెర మాత్రం తయారు. చుట్టి మూలకు పెడదామని లేచి చూస్తే అంత నలుపే. నీది ఏదో నాకే తెలుస్తలేదు. వానలు పడ్డంక ఎవలవి వాళ్లు మసి కడిగి, గుర్తు చూసుకోని తీస్కపోతరు. మిగిలింది నీది అనుకోవాలె. ఇగ ఏం జేస్తం.