దువ్విన ఇసుక మీద అడుగులు

లాట్వియాలో ఓ చిన్న ఊరి సమాధుల తోట. అయినవాళ్లంతా పోయినవాళ్ల దగ్గర చేరే సమాధుల పండగ రేపే. పక్కపక్క సమాధుల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు, చుట్టూ పరిచిన ఇసుకను అక్కడి ఆచారం ప్రకారం అడుగు జాడ మిగలకుండా దంతెలతో దువ్వుతున్నారు. ఒకామె ఊళ్లో రొట్టెల కొట్టు నడిపిన లాట్వియన్. రెండో ఆమె ఆ ఊరికి కోడలిగా వచ్చిన రష్యన్.

“ఏవమ్మా, వెనక్కి నడుస్తూ దువ్వాలని ఇంకా తెలీదా? అంతా నీ అడుగులే!”

“చూశానక్కా, మళ్లీ దువ్వుతాలే.”

“ఏం చూశావో! మా రొట్టె తిన్నావు, మా విస్వాల్డిస్‌ని కట్టుకున్నావు, మా మట్టిలోనే కప్పెట్టావు. మా భాష మాత్రం ఒక్క ముక్క అబ్బలేదు. సిగ్గుండాలి.”

“అక్కా, నేనిప్పుడు మాట్లాడేది ఏ భాష?”

“లాట్వియనే. అయితే?”

“మరి నువ్వు?”

“నీ యాస వింటే నా నోటికి రష్యనే వస్తుంది. అదీ నా తప్పేనా?”

“నీ కొట్లో రొట్టె మీ భాషలోనే అడిగేదాన్ని. నువ్వు రష్యన్‌లోనే జవాబిచ్చేదానివి. పోస్టాఫీసులోనూ అంతే, చర్చిలోనూ అంతే.”

“అబ్బో, దెప్పడం కూడా నేర్చిందే! అందుకేనా రోజూ ఈ రాయి ముందు కూర్చుని గొణుగుతావు?”

“అందుకే. నేను లాట్వియన్‌లో మాట్లాడితే రష్యన్‌లోకి మారనిది ఈయనొక్కరే.”

రొట్టెల కొట్టామె కాసేపు ఇసుక దువ్వింది. తర్వాత తలెత్తకుండానే, “జరుగు, నీ కాలు మా ఇసుక మీదుంది” అంది.

అదీ రష్యన్‌లోనే.