వెబ్‌సైట్ నా తలలోంచి నడిచిన ఇరవై నిమిషాలు

కాలేజీ గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కాలేజీ కంప్యూటర్లు చూసుకునే మా సిస్టమ్స్ బాబాయ్ నోరు విప్పాడంటే ఇక టీ అయిపోయినా ఎవరూ లేవరు. ఆ రోజూ అంతే.

“నేను చేసింది పెద్ద పనేం కాదక్కా,” అన్నాడు కొట్టు అక్కతో. “పడిపోయిన వెబ్‌సైట్‌ని లేపాను, అంతే. మీ అమ్మాయి నర్సింగ్ సీటుకి ఫారం పెట్టిందే, ఆఖరి రోజు, ఐదింటికి గడువు, ఆ రోజు సంగతి. సరిగ్గా నాలుగున్నరకి సైటు ఆగిపోయింది. తెర మీద ఐదొందల ఎర్రర్. ఐదొందలంటే ఏమిటో తెలుసా? మిషన్ అలిగిందని. ఎందుకలిగిందో చచ్చినా చెప్పదు.”

ఫారానికి కావలసిన సర్టిఫికెట్ ఆ మధ్యాహ్నమే చేతికొచ్చిందనీ, సైటు లేచేదాకా తన కూతురు తెర ముందు కూర్చుని ఏడ్చిందనీ అక్క మాకు మళ్లీ చెప్పింది.

“ఏడవదూ మరి? నలభై వేల మంది ఏడ్చారు. ఇక్కడో కిటుకుంది. సైటు నడిపే మిషన్ మేడ మీద, దాని ఫైళ్లన్నీ కింద స్టోరేజీ పెట్టెలో. ఎవరు ఏ పేజీ అడిగినా మేడ మీది మిషన్ కేబుల్‌లోంచి చెయ్యి చాచి కింద నుంచి తెచ్చుకోవాలి. నేను వెళ్లి కేబుల్‌కి చెవి ఆనించాను. మెట్ల మలుపు దగ్గర ఫైళ్లు ఇరుక్కుని మూలుగుతున్నాయి. అరచేత్తో నిమిరాను, నూట పన్నెండు ఫైళ్లు జారాయి. ఫీజు పేజీ మాత్రం కాస్త లావు, అది కదల్లేదు.”

“మూలుగు వినపడిందా?” అన్నాడు కాలేజీ బస్సు డ్రైవరు.

“ఎడమ చెవికి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒత్తిడికి కేబుల్ తెగింది. రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకున్నాను. ఫారాలు కుడి భుజంలోంచి ఎక్కి ఎడమ భుజంలోంచి దిగుతున్నాయి, ఫోటో అతికించనివి భుజం దగ్గరే తెలిసిపోతున్నాయి, వాటిని అక్కణ్నుంచే వెనక్కి పంపేస్తున్నాను. ఇంతలో కింద పెట్టె కూడా చేతులెత్తేసింది. సైటులో ఉన్నవి మూడొందల పేజీలు, అన్నీ నాకు కంఠతా వచ్చు. కళ్లు మూసుకున్నాను. ఇరవై నిమిషాలు, అక్కా, ఆ సైటు నా తలలోంచి నడిచింది. వేగం కూడా కొంచెం పెరిగింది. తల వేడెక్కుతోందని ప్రిన్సిపాల్ గారు తన గదిలో ఏసీ విప్పించి నా వెనక పెట్టించారు. మధ్యలో తుమ్మొచ్చింది, ఆపుకున్నాను. తుమ్మితే ఆరు వేల మంది పిల్లల పేర్లు పోయేవి.”

అక్క నిజంగానే కళ్లు తుడుచుకుంది. ఆ సీటు కోసం తల్లీకూతుళ్లు రెండేళ్లు ఎదురుచూశారని మా అందరికీ తెలుసు. దేవుడిలా ఆదుకున్నావు తమ్ముడూ అంది.

పక్క బల్ల మీద టీ తాగుతున్న స్టోరేజీ గది ఆపరేటరమ్మ గ్లాసు కింద పెట్టింది.

“కేబుల్ తెగలేదు బాబాయ్. కింద పెట్టె తెరవాలంటే మేడ మీది మిషన్‌కి ఒక లాగిన్ కావాలి. దానికి విడిగా ఒకటి పెట్టమని ఎంత చెప్పినా వినకుండా మీ సొంత లాగిన్ ఇచ్చారు. ఆ రోజు నాలుగున్నరకి మీ పాస్‌వర్డ్ మార్చుకున్నారు, మిషన్‌కి చెప్పడం మర్చిపోయారు. పాపం అది పాతది పట్టుకుని తలుపు కొడుతూ కూర్చుంది.”

బాబాయ్ చల్లారిపోయిన టీని ఊదుకున్నాడు.

“మరి ఆ ఇరవై నిమిషాలు?” అన్నాడు డ్రైవరు.

“బాత్రూంలో గడియ పెట్టుకున్నారు. నేను బయట నిలబడి కొత్త పాస్‌వర్డ్ అడుగుతున్నాను. పైకి చెప్పడానికి సిగ్గుపడి, చివరికి చీటీ మీద రాసి తలుపు కింద నుంచి తోశారు. ‘నేనేమొనగాడు’, పక్కన ఒకటి అంకె.”

నవ్వు గొంతుదాకా వచ్చింది గానీ, అక్క మొహం చూసి మింగేశాం. మరి తన పిల్ల ఫారం ఎవరు పంపినట్టని ఆమె మెల్లగా అడిగింది.

“తనే పంపుకుందక్కా. ఏడుస్తూ కూడా బటన్ నొక్కడం మానలేదు. సైటు లేవగానే పెట్టెలో పడిన మొదటి ఫారం మీ అమ్మాయిదే, నేను చూశాను.”

అక్క ఆపరేటరమ్మకి ఇంకో టీ పోసింది. తర్వాత బాబాయ్ గ్లాసు కూడా నింపింది, అలవాటు కొద్దీ.

“ఈసారి పాస్‌వర్డ్ మార్చే ముందు నాకో మాట చెప్పు తమ్ముడూ,” అంది. “ఇంకా మా చిన్నమ్మాయి ఉంది. దాని ఫారం ముందే పెట్టించేస్తాను.”