హాఫ్‌టైమ్‌లో ఏం జరిగింది

గల్ఫ్‌లో, బనియాస్‌లోని ఒక ఆసుపత్రి, ఆపరేషన్ గది బయట. శుక్రవారం సాయంత్రం.

"తల తెరిచాం, రక్తం ఆగట్లేదు. రత్నాకర్ గారూ, గ్రౌండులో డాక్టరు మీరేగా? వెంకట్రాములుకి ఆటకి ముందు గానీ మధ్యలో గానీ ఏం మందిచ్చారు?"

"నీళ్లు, ఐస్. అంతే, కుసుమకుమారి గారూ."

"నేను మత్తిచ్చే డాక్టర్ని, నా దగ్గర దాస్తే ఎలా? రక్తాన్ని పలచన చేసేదేదో ఒంట్లో ఉంది. ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. ఏ మందో తెలియాలి. పది నిమిషాలు కూడా లేవు."

"లేబర్ క్యాంపులో గోలీలు ఒకళ్లకొకళ్లు ఇచ్చుకుంటారు. వాళ్లన్నని అడగండి. ఇతనే, లచ్చన్న."

"నేనేమియ్యలే మేడమ్. పొద్దుగాల అటుకులు తిన్నడు, గంతే."

"దెబ్బ ఎప్పుడు తగిలింది లచ్చన్నా?"

"మొదటి సగంలనే. మావోడు కబడ్డీ ఆడేటోడు గదా, అవతలోని కాళ్లు పట్టుకుందామని తల వంచిండు. మోకాలొచ్చి కణతకు తాకింది."

"తలకి తగిలాక కూడా ఆడాడా? రత్నాకర్ గారూ, రూలు ప్రకారం బయట కూర్చోబెట్టాలి కదా?"

"ఆడతానన్నాడు. ఫైనల్ మేడమ్. వీళ్లందర్నీ కబడ్డీ నుంచి రగ్బీకి తెచ్చింది నేను. రెండేళ్లు, ప్రతి శుక్రవారం..."

"నేనడిగింది అది కాదు."

"నేనూ ఆడినవాణ్ణే. హైదరాబాద్ టీముకి ఐదేళ్లు. భుజం జారినా ఫైనల్ ఆడాను. ఆ భుజం బాగుచేసిన సర్జన్ని చూసే డాక్టర్ కావాలనుకున్నా."

"జారిన భుజంతో ఎలా ఆడారు?"

"అదిప్పుడెందుకు?"

"ఎలా ఆడారండీ?"

"ఆడాను. అంతే."

"లచ్చన్నా, నువ్వు చెప్పు. హాఫ్‌టైమ్‌లో నీ తమ్ముడెక్కడున్నాడు?"

"టెంటుల."

"ఎవరితో?"

"నేను... నేనే ఉన్న. తల నొస్తుందంటే గోలీలిచ్చిన మేడమ్. మా బాపు గుండెకు వాడేటియి, నెత్తురు పల్చగ చేసేటియి. ఊరికి పంపుదామని కొన్న. రెండిచ్చిన."

"ఇందాక ఇవ్వలేదన్నావు?"

"భయమైంది. పోలీసులకు చెప్పుకోండ్రి, నన్ను ఇండియా పంపియ్యుండ్రి. తమ్మున్ని మాత్రం బతికియ్యుండ్రి."

"గుండె గోలీలా? సరే, దాని విరుగుడు ఇప్పుడే ఎక్కిస్తాను."

"లచ్చన్నా, మేడమ్ లోపలికి పోతోంది. ఏంది నువ్వు చెప్పింది? నీ దగ్గర గోలీలు ఎక్కడివి?"

"మెల్లగ సార్. నేను టెంటుల ఉన్న, అంతా చూసిన. మీ లైసెన్స్ పోతే క్యాంపోళ్లను ఎవరు చూస్తరు? నేను క్రేన్ నడిపేటోన్ని. నా జాగల రేపే ఇంకొకడొస్తడు."

"విరుగుడు తప్పయితే మీ తమ్ముడు చచ్చిపోతాడు."

"ఏదో ఒక మందేనాయె గదా సార్..."

"కాదురా. కాదు. కుసుమకుమారి గారూ, ఆగండి. తలుపు వేయకండి. గోలీలు లేవు, అతను అబద్ధం చెప్పాడు. నొప్పి ఇంజెక్షన్. కెటోరోలాక్. హాఫ్‌టైమ్‌లో రెండు."

"రెండా? సిస్టర్, ఆ విరుగుడు వద్దు, ఆపు. ప్లేట్‌లెట్స్ తెప్పించు. రత్నాకర్ గారూ, కేసు షీటులో రాయాలి. ఎవరిచ్చారు?"

"ఆ రోజుల్లో నా భుజానికి ఇలాంటిదే ఇచ్చి ఆడించారు. ఏం కాలేదు. అందుకని..."

"పేరు చెప్పండి."

"డాక్టర్ రత్నాకర్. నేనే ఇచ్చాను."