సాసు లేని బర్గర్

రెండో పెళ్లి మాటలు సూటిగా మాట్లాడుకుందామని వాళ్లిద్దరూ బర్గర్ల షాపులో మొదటిసారి కలిశారు.

"బన్ను వద్దు, సాసు వద్దు, వేపుళ్లు వద్దు. ఇక తినేదేముంది, గాలా?" అందామె.

"మధ్యలో పెట్టే ప్యాటీ ఉందిగా. ఉత్త పెనం మీద కాల్చి, సలాడ్ ఆకులో చుట్టిమ్మన్నాను. పొద్దుతిరుగుడు లాంటి గింజల నూనెలు మానేశానండి. ఈ మాట చెప్పగానే ఇంతకుముందు చూసిన సంబంధాల్లో ఇద్దరు లేచి వెళ్లిపోయారు."

"నాకు వేపుడు లేందే ముద్ద దిగదు. ముందే చెబుతున్నా."

"మీకు మీ నూనె, నాకు నా నెయ్యి. రెండు మూకుళ్లు పెట్టుకుందాం."

"తోమేదెవరు?"

"రెండూ నేనే."

ఆమె బంగాళాదుంప ముక్క ఒకటి నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"అయితే ఆ రెండోది కొనేటప్పుడు నన్నూ తీసుకెళ్లండి. మగవాళ్లను పంపిస్తే అడుగు పల్చనివి తెస్తారు."